ఆహ్వానించువారు

తిరువూరు,
నవంబరు మొదటి వారం.

అనూహ్య వదినకి,

ఫోన్ చేయకుండా ఇంత పొడుగు మెయిలేంటని విసుక్కోకు. మన ప్రెస్సు ఒక్కటే గది. నేను ఫోన్లో గుసగుసలాడినా మీ నాన్న మిషను ఆపి మరీ వింటాడు. టైపు చేస్తుంటే మాత్రం పని చేస్తున్నాననుకుని మురిసిపోతాడు. అందుకే ఇది.

ముందు మంచి మాట. నా పెళ్లి కుదిరింది. పేరు ప్రేమ్ కిరణ్, రెడ్డిగూడెంలో లెక్కల మాస్టారు. యూనిట్ టెస్టు పేపర్లు ప్రింటు చేయించుకోడానికి వచ్చి, నేను టైపు చేసిన దాంట్లో తప్పు పట్టాడు. ఆ తప్పు ఆయన రాసిచ్చిన కాగితంలోనే ఉందని చూపించాను. అప్పట్నుంచీ ప్రతి వారం ఏదో ఒక పేపరు పట్టుకొస్తూనే ఉన్నాడు. పాపం ఆ పిల్లలకి ఎన్ని పరీక్షలో. ఫిబ్రవరిలో, ఈస్టరు ముందు ఉపవాసాల తపస్సు కాలం మొదలవక ముందే పెళ్లి.

ఇప్పుడు అసలు సంగతి. నా శుభలేఖ మీద పిలిచేవాళ్లుగా మా అమ్మ పేరు ఒక్కటే ఉండాలి. నీకు తెలియంది కాదు, నేను రెండో తరగతిలో ఉండగా మా నాన్న గంపలగూడెం వెళ్లి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆయన మీ అమ్మకి తమ్ముడు కాబట్టి నీ దగ్గర ఎక్కువ తిట్టను. నేను రాయప్ప కూతుర్ని కాదని కూడా అనను. చర్చిలో పెళ్లి చాటింపులు వేసేటప్పుడు ఫాదర్ గారు రాయప్ప, అక్కమ్మల కుమార్తె అనే చదువుతారు. చదవనీ, అది పుట్టుక సంగతి. శుభలేఖ పిలుపు. పత్తి చేలల్లో, మామిడి తోటల్లో కూలికెళ్లి నన్ను పెంచిన మనిషే పిలవాలి.

ఈ మాట మీ నాన్నతో, అదే మా అంతోనయ్య మావయ్యతో చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"మిషను ఒప్పుకోదమ్మాయ్," అన్నాడు.

"మిషనేంటి మావయ్యా, ఒప్పుకోకపోవడం ఏంటి?"

"కావాలంటే చూసుకో. తండ్రి పేరు లేకుండా ఆ కంప్యూటరు కార్డు ఇవ్వదు."

చూశాను. నువ్వు ఎంసీఏ చదివేటప్పుడు ప్రెస్సుకి రాసిచ్చిన ప్రోగ్రామే కదా ఇప్పటికీ వాడుతున్నాం. పేర్లు నింపి బటను నొక్కితే కార్డు మాటలన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. తండ్రి పేరు ఖాళీగా వదిలితే ఎర్ర అక్షరాలొచ్చి ఆగిపోయింది. పక్కనే ఉన్న గడిలో టిక్కు పెడితే పేరు ముందు కీర్తిశేషులు అని వస్తుంది. "అది పెట్టుకుంటావా పోనీ?" అని మావయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బతికున్న మనిషిని నేను చంపను, లేని మనిషిని ఉన్నట్టు చూపించను.

నీ ప్రోగ్రాం లోపల ఏముందో చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను.

నీ మరదలు,
బ్లెస్సీ.

*

బెంగుళూరు,
నవంబరు.

బ్లెస్సీ తల్లీ,

లెక్కల మాస్టారికి నా సానుభూతి తెలియజెయ్యి. నీతో వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

నీ ప్రశ్నకి జవాబు. ఇక్కడ ఆఫీసులో ఎవరూ అడగని ప్రశ్న నువ్వడిగావు, అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను. పెళ్లికార్డు టెంప్లేటు, అంటే కార్డు నమూనా, మామూలు టెక్స్టు ఫైలు. మధ్యమధ్య పేర్ల కోసం ఖాళీలుంటాయి. కొన్ని ముక్కలకి మాత్రం డెఫ్ అని మొదలుపెట్టి ఒక పేరు పెట్టి ఉంటుంది. ఆ నమూనాని నడిపించే మన టెంప్లేట్ ఇంజిను కార్డు అడిగిన ప్రతిసారీ ఆ ఫైలుని చదువుతూ కూర్చోదు. ఒక్కసారి పైనుంచి కిందిదాకా చదివి, దాన్ని పైథాన్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాంగా మార్చి పక్కనే ఇంకో ఫైల్లో రాసిపెడుతుంది. ఆ తర్వాత పనంతా ఆ పైథాన్ ఫైలుదే.

మార్చడం ఎలాగంటే, టెంప్లేటు మొత్తం ఒక క్లాసు అవుతుంది. అంటే ఒక ఇల్లనుకో. డెఫ్ పెట్టిన ప్రతి ముక్కా ఆ ఇంట్లో ఒక మెథడ్, అంటే పేరున్న ఒక పని అవుతుంది. "దైవ కృపచే" లాంటి మాటలు "ఇది రాయి, తర్వాత ఇది రాయి" అనే ఆజ్ఞలవుతాయి. ఖాళీలున్న చోట "ఈ పేరు వెతికి తెచ్చి రాయి" అని ఉంటుంది. ఏ డెఫ్‌లోనూ లేని మాటలన్నీ కలిసి ఒక ప్రధాన మెథడ్‌లోకి వెళతాయి. కార్డు కావాలన్నప్పుడు నడిచేది అదే. డెఫ్‌లో పెట్టిన ముక్క రాసిన చోట అచ్చవదు. ప్రధాన మెథడ్ దాన్ని పేరు పెట్టి పిలిచినప్పుడే వస్తుంది. ఎంత బాగా రాసినా పిలవకపోతే అది అట్లా కూర్చునే ఉంటుంది.

నువ్వు వెతుకుతున్న ముక్క పేరు "ఆహ్వానించువారు". అందులో తండ్రి పేరు లేకపోతే ఆగిపొమ్మని ఉంది. జనం హడావుడిలో పేర్లు రాయడం మర్చిపోతున్నారు, కట్టలకి కట్టలు కార్డులు పాడవుతున్నాయి అని నాన్న అంటే అలా రాశాను.

ఎక్కడ ఏం మార్చాలో మాత్రం నన్నడక్కు. అటు నాన్న, అమ్మ. ఇటు నువ్వు, అత్తయ్య. ఒకసారి నిదానంగా ఆలోచించు. ఒక్క లైనే కదా. పెళ్లి అయిపోయాక శుభలేఖ ఎవరు దాచుకుంటారు? ఉండనిచ్చెయ్. అత్తయ్య కూడా పెద్దగా పట్టించుకోదేమో అడిగి చూడు.

అనూహ్య.

*

తిరువూరు,
డిసెంబరు.

వదినా,

కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, కాబట్టి రాసేస్తున్నాను.

ఒక్క లైనే అయితే మా నాన్నకి అంత పట్టుదల ఎందుకు? మొన్న మిఠాయి డబ్బా పట్టుకుని ప్రెస్సుకొచ్చాడు. నావైపు చూడకుండా నేరుగా మావయ్య దగ్గరికెళ్లి, "కూతురి పెళ్లికార్డు మీద నా పేరు లేకపోతే గంపలగూడెంలో మొహం ఎట్టా చూపించుకోవాలి బావా?" అన్నాడు. మావయ్య కుర్చీ వేసి, "నీ పేరు లేకుండా మన కంప్యూటర్లో కార్డే రాదు రాయప్పా, నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడు. ఇన్నేళ్లూ అమ్మ ఈ ఊళ్లో మొహం ఎట్లా చూపించుకుందో ఆయన ఎప్పుడైనా అడిగాడా? ఆ మిఠాయి నేను ముట్టుకోలేదు.

నువ్వు దారి చెప్పకపోయినా ఏ ముక్కలో ఉందో చెప్పావు. అది చాలు. టెంప్లేట్ల ఫోల్డర్ తెరిచాను. నువ్వన్నట్టే పక్కన పైథాన్ ఫైలుంది. దాని తలమీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక, ఇది ఇంజిను తయారుచేసిన ఫైలు, ఇందులో దిద్దవద్దు అని. అందరూ నాకు చెప్పేవాళ్లే. ఆఖరికి ఇంజిను కూడా. వదినా, నేను దిద్దాను. "ఆహ్వానించువారు" మెథడ్ వెతికి పట్టుకుని, తండ్రి పేరు అడిగే వరుసలు కొట్టేసి, అమ్మ పేరు రాసే వరుస ఒక్కటే ఉంచాను. బటను నొక్కితే ఎర్ర అక్షరాలు లేవు, గొడవ లేదు. "శ్రీమతి అక్కమ్మ గారు తమ కుమార్తె చి.సౌ. బ్లెస్సీ వివాహమునకు మిమ్ములను ప్రేమతో ఆహ్వానించుచున్నారు." ఎంత హాయిగా ఉందో చదువుకోడానికి.

ప్రూఫు తీసి ఇంటికి తీసుకెళ్లాను. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని పట్టుకుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. "ఇది నేనేనా?" అంది. ఓటరు కార్డు మీద కూడా అమ్మ పేరు కింద భర్త పేరు రాయప్ప అనే ఉంటుంది. తన పేరు తానొక్కతే అచ్చులో ఉండడం అమ్మ చూడలేదు. అమ్మ పెద్దగా పట్టించుకోదేమో అన్నావు కదా, అందుకే ఇది రాస్తున్నాను. ఆ ప్రూఫు ఇప్పుడు మేరీమాత పటం వెనక ఉంది.

మావయ్యకి చెప్పలేదు. రేపు నేనూ ప్రేమ్ కిరణ్ విజయవాడలో పెళ్లి తరగతులకి వెళుతున్నాం. ఆ సర్టిఫికెట్టు లేకపోతే చర్చిలో పెళ్లి చెయ్యరు కదా. వచ్చేసరికి మావయ్య బటను నొక్కి, అచ్చు ప్లేటు చేసి, కార్డులు అచ్చేసి ఉంచుతాడు. ఎర్ర అక్షరాలు రావు కాబట్టి ఆగి చదివే మనిషి కాదు. అచ్చయ్యాక అరిస్తే అరవనీ.

నీ అవసరం లేకుండానే గెలిచిన
బ్లెస్సీ.

*

బెంగుళూరు,
డిసెంబరు.

ఒసేయ్ పిచ్చిదానా,

పైథాన్ ఫైల్లో దిద్దావా? ఫోన్ ఎత్తు. ఎన్నిసార్లు చేసినా స్విచ్ఛాఫ్ అంటోంది. క్లాసులో కూర్చున్నావా?

ఆ ఫైలు నీది కాదు, నాదీ కాదు. ఇంజినుది. టెంప్లేటుని ఎవరైనా తెరిచి సేవ్ చేస్తే, ఆ ఫైలు పాతబడిందని ఇంజిను గమనిస్తుంది. వెంటనే టెంప్లేటు చదివి మళ్లీ కొత్తగా రాసేస్తుంది. నువ్వు కొట్టేసిన వరుసలన్నీ తిరిగొచ్చేస్తాయి. నువ్వు దిద్దినట్టు ఆనవాలు కూడా ఉండదు. ఆ హెచ్చరిక పెత్తనం కోసం పెట్టింది కాదు.

ఇంకో మాట. ఇవాళ పొద్దున నాన్న ఫోన్ చేశాడు. ప్రెస్సుకి కొత్త ఫోన్ నంబరు తీసుకున్నాడట, కార్డు అడుగున పాత నంబరు పడుతోంది, ఎక్కడ మార్చాలి అని అడిగాడు. టెంప్లేటు తెరిచి మార్చి సేవ్ చెయ్యమని చెప్పాను. నీ మెయిలు అప్పటికి నేను చదవలేదు.

ఇది చూడగానే నాన్నకి ఫోన్ చేసి అచ్చు ఆపించు. నేను చేస్తే ఎందుకని అడుగుతాడు, నువ్వు దొంగచాటుగా చేసిందంతా చెప్పాల్సొస్తుంది. చెప్పమంటావా వద్దా?

అనూహ్య.

*

తిరువూరు,
డిసెంబరు.

వదినా,

నీ మెయిలు చూసేసరికి విజయవాడ నుంచి తిరిగొచ్చే బస్సులో ఉన్నాను. మావయ్యకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, దిగి ప్రెస్సుకి పరిగెత్తాను. కార్డులు కట్టలు కట్టి బల్ల మీద పెట్టి ఉన్నాయి.

శ్రీ రాయప్ప, శ్రీమతి అక్కమ్మ దంపతులు.

దంపతులు, వదినా.

మావయ్య మొహం వెలిగిపోతోంది. "తండ్రి పేరు నింపడం మర్చిపోయావమ్మాయ్. ఎర్ర అక్షరాలొచ్చి ఆగిపోయింది. నేనే రాసి అచ్చేశాను," అన్నాడు. "కార్డు నాకొదిలేసి వెళ్లావు కదా, నీకే బుద్ధొచ్చి గొడవ మానుకున్నావనుకున్నా. చూశావా, అంతా దేవుడి చిత్తం."

"దేవుడు పైథాన్ రాయడు మావయ్యా," అన్నాను. "మీ అమ్మాయి రాసింది, మీరు చెబితే."

ఆయనకి అర్థం కాలేదు. నాకేడుపొచ్చింది, ప్రెస్సులో ఏడవకూడదని పళ్లు బిగబట్టుకున్నాను. అప్పటికే మా నాన్న మోటారు సైకిలు మీద ఒక కట్ట గంపలగూడెం పట్టుకెళ్లిపోయాడట. దారి పొడుగునా పంచుకుంటూనే వెళ్లుంటాడు.

కార్డు తీసుకెళ్లి అమ్మకిచ్చాను. అప్పుడే చేనుంచి వచ్చింది, జుట్టులో పత్తి పింజెలు ఇంకా అలాగే ఉన్నాయి. నిలబడే చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమెకి కోపం వచ్చింది. మా అమ్మకి కోపం రావడం నువ్వు చూడలేదు, నేనూ పెద్దగా చూడలేదు.

"ఇయ్యి పంచబాక," అంది. "ఆయన పంచుకున్నయ్యి ఆయనిష్టం. నా పిల్ల పెళ్లికి నేను పిలవాల. ఇంకోసారి అచ్చేయించు."

"మావయ్య వెయ్యనంటే?"

"వెయ్యనంటే గడపగడపకీ పోయి నోటితో పిలుస్తా. నాకు నోరు లేదా?"

ప్రేమ్ కిరణ్ పక్కనే ఉన్నాడు. "అత్తయ్యా, మా ఊళ్లో గడపలకి నేను తోడొస్తాను," అన్నాడు. ఈ మనిషిని చేసుకోవడం తప్పు కాదని నాకు ఆ క్షణంలో ఖాయమైంది.

తప్పు నాదే. ఇంజిను ఫైల్లో వేలు పెట్టాను, అది తుడిచేసింది. ఒప్పుకుంటాను. కానీ వదులుకోను. కాగితం నేనే కొనుక్కొస్తాను. నీ టెంప్లేటు పెద్దది, మీ నాన్న పెద్దవాడు, మా నాన్న ఇంటిపెద్దనంటాడు. ఇంతమంది పెద్దల మధ్య మా అమ్మ పేరు తుడిస్తే పోకుండా నిలబడాలి. దానికి దారి నీకు తెలుసు. మొదటి రోజునుంచీ తెలుసు. ఎటువైపో ఇప్పుడు చెప్పు. చెప్పకపోతే మళ్లీ వదినా అని పిలవను.

బ్లెస్సీ.

*

బెంగుళూరు,
క్రిస్మస్ మర్నాడు.

బ్లెస్సీ,

తెలుసు. మొదటి రోజునుంచీ తెలుసు. "ఒక్క లైనే కదా, ఉండనిచ్చెయ్" అని నేను రాసిన మాట నాన్నది. నువ్వు మొదటి మెయిలు పెట్టిన సాయంత్రమే ఆయన ఫోన్ చేసి, "నీ మాటయితే వింటుంది, నువ్వు చెప్పు," అన్నాడు. చెప్పాను. చెబుతున్నప్పుడే నాకు నచ్చలేదు. ఇక ఆ సంగతి వదిలెయ్, పని చూద్దాం.

పెద్ద టెంప్లేటులో ఒక్క అక్షరం ముట్టుకోకు. పైథాన్ ఫైలు అసలు తెరవకు. కొత్తగా ఒక చిన్న టెంప్లేటు రాయి. దానికి "అక్కమ్మ" అని పేరు పెట్టు. మొదటి వరుసలో ఎక్స్‌టెండ్స్ అని రాసి పెద్ద టెంప్లేటు పేరు రాయి. అంటే, నేను దాని పిల్లని అని చెప్పుకోవడం. దాని కింద ఒకే ఒక్క డెఫ్, "ఆహ్వానించువారు". అందులో అమ్మ పేరుతో నీకు కావలసిన వాక్యం. డెఫ్ ముగిశాక ఇంకేమీ రాయకు. ఫైలు అంతే, అరచేతిలో పట్టేంత.

ఇంజిను దీన్నీ ఒక క్లాసుగా మారుస్తుంది. పెద్ద క్లాసుకి పిల్ల క్లాసు. ఇందులో నువ్వు రాయనివన్నీ, అంటే దైవ కృప, చర్చి పేరు, విందు జరిగే చోటు, నాన్న కొత్త ఫోన్ నంబరు, అన్నీ పెద్దదాన్నుంచి మామూలుగానే వస్తాయి. ప్రధాన మెథడ్ కూడా పెద్దదానిదే నడుస్తుంది. అది నడుస్తూ నడుస్తూ "ఆహ్వానించువారు" అని పిలుస్తుంది చూడు, అప్పుడు పైథాన్ ముందుగా పిల్ల క్లాసులో వెతుకుతుంది. అక్కడ ఆ పేరుతో మెథడ్ దొరికితే పెద్దదాని దగ్గరికి వెళ్లదు. తండ్రి పేరేదని ఎవరూ అడగరు. ఎందుకంటే అడిగే వరుసలు ఉన్న చోటికి ఎవరూ వెళ్లరు.

నాన్న పెద్ద టెంప్లేటుని రోజూ సేవ్ చేసుకోనీ, ఇంజిను ఎన్నిసార్లయినా తిరిగి రాసుకోనీ. నీ ముక్క నీ ఫైల్లో ఉంది, దాన్నించే మళ్లీ పుడుతుంది. నువ్వు యంత్రం రాసిన దాన్ని దిద్దావు, అందుకే పోయింది. ఈసారి యంత్రం దేన్ని చూసి రాస్తుందో అదే రాయి.

ఒక్క షరతు. దొంగచాటుగా చేయకు. పట్టపగలు, నాన్న ముందు కూర్చుని చెయ్యి. నేను నిన్న ఫోన్ చేసి ఆయనకి చెప్పేశాను. "ఆ ప్రోగ్రాం నేను రాసింది నాన్నా. తండ్రి పేరు కావాలన్నది మిషను మాట కాదు, నువ్వు చెబితే నేను పెట్టిన మాట. ఇక మీదట ఎవరితోనూ మిషను ఒప్పుకోదు అనకు. నేను ఒప్పుకోను అను. అప్పుడు వాళ్లు నీతో తేల్చుకుంటారు," అన్నాను. పండగ పూట ఇదేం గోలని అమ్మ వెనకనుంచి అరుస్తోంది. నాన్న ఫోన్ పెట్టేశాడు. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. ఏం ఫరవాలేదు.

నేను నీ వైపు. నన్ను మళ్లీ వదినా అని పిలువు.

అనూహ్య.

*

తిరువూరు,
జనవరి నెలాఖరు.

వదినా, వదినా, వదినా,

చాలా? ఇంకా కావాలా?

నువ్వన్నట్టే పట్టపగలు చేశాను. కాగితం కట్ట మావయ్య బల్ల మీద పెట్టి, ఆయన ఎదురుగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. "ఏం చేస్తున్నావ్?" అన్నాడు. "అమ్మ పేరుతో కార్డు చేస్తున్నా. మీ టెంప్లేటు ముట్టుకోవడం లేదు, కావాలంటే నిలబడి చూడండి," అన్నాను. నిజంగానే వచ్చి నిలబడ్డాడు. నేను టైపు చేసినంతసేపూ నా భుజం మీద ఆయన ఊపిరి. బటను నొక్కాను. అమ్మ పేరు వచ్చింది.

మావయ్య నన్ను లేవమని సైగ చేసి తను కూర్చున్నాడు. పెద్ద టెంప్లేటు తెరిచాడు, ఫోన్ నంబరు చెరిపి మళ్లీ అదే కొట్టి సేవ్ చేశాడు. మొన్న నా పని ఎలా తుడిచిపెట్టుకుపోయిందో పండగనాటి ఫోన్లో నువ్వు చెప్పావట కదా, అదే మంత్రం నా మీద వేశాడు! బటను నొక్కాడు. మళ్లీ అమ్మ పేరే వచ్చింది. ఇంకోసారి సేవ్ చేశాడు, ఇంకోసారి నొక్కాడు. అమ్మ పేరు కదల్లేదు.

అప్పుడు కూడా ఆయన కార్డులు అచ్చేసే ఆఫ్‌సెట్ మిషను దగ్గరికి వెళ్లలేదు. అది తిప్పడం ఆయనకి తప్ప ఇంకెవరికీ రాదు. "రాయప్పకి మాటిచ్చాను," అన్నాడు. ఈసారి మిషను ఒప్పుకోదు అనలేదు, నేను గమనించాను.

ఇంతలో అమ్మ వచ్చింది. చేను దగ్గర్నుంచి నేరుగా షేర్ ఆటోలో దిగింది. నేను రమ్మనలేదు, ఒట్టు. వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యా," అంది, "పెళ్లికొచ్చినోళ్లకి అన్నం పెట్టేది ఎవరు?"

"నువ్వేలేమ్మా."

"కూరలో ఉప్పు తక్కువైతే తిట్టేది ఎవర్ని?"

మావయ్య బల్ల మీద కాగితం కట్ట అంచులు సర్దడం మొదలుపెట్టాడు.

"మాట పడేది నేనైనప్పుడు పిలిచేది కూడా నేనే. నీకిష్టం లేకపోతే లేదని చెప్పు, నీ మీద నాకు కోపం లేదు. రేపట్నుంచి పనికి పోకుండా ఇల్లిల్లూ తిరుగుతా. అంతోనయ్య ప్రెస్సులో నా పేరు అచ్చవలేదంట, అందుకని నోటితో పిలుస్తున్నానని అందరికీ చెప్తా."

మావయ్య లేచి చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. ఆయన చొక్కా విప్పాడంటే మిషను తిప్పబోతున్నాడని నీకు తెలుసుగా. "నా టెంప్లేటయితే నేను మార్చలేదు. రాయప్ప అడిగితే అదే చెప్తా," అన్నాడు. నువ్వు పెద్ద ఫైలు ముట్టుకోవద్దని ఎందుకన్నావో అప్పుడు తెలిసింది నాకు. ఆయన పరువుకి కూడా అందులో కాస్త చోటు వదిలావు. మొదటి కార్డు తడి ఆరకుండానే అమ్మ చేతిలో పెట్టి, "చూసుకోమ్మా, తప్పులుంటే ఇప్పుడే చెప్పు," అన్నాడు. అమ్మ మొత్తం చదివేదాకా మిషను ఆపి ఉంచాడు. నీకు ఇవాళ్టికైనా ఫోన్ చేస్తాడని నా నమ్మకం.

ఇక నీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇది. కార్డులు ఇంటికి చేరిన మర్నాడు అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, ఈస్టరుకి కట్టుకునే చీర కట్టుకుంది. "పద," అంది. మొదటి పిలుపు ఫాదర్ గారికనుకున్నాను. అమ్మ నన్ను గంపలగూడెం ఆటో ఎక్కించింది. నాకు భయం వేసింది. అక్కడ గొడవైతే నేను ముందు నిలబడాలని మనసులో అనుకుంటూ వెళ్లాను.

మా నాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. అమ్మ అరవలేదు. రెండు చేతులతో కార్డు అందించి, "మా అమ్మాయి పెళ్లండీ. మీరు తప్పకుండా రావాలి. భోజనం చేసి వెళ్లాలి," అంది. మా అమ్మ ఆయన్ని అండి అనడం పుట్టి బుద్ధెరిగాక నేను వినలేదు. బజార్లో ఎదురైన ఏ పెద్దమనిషినైనా పిలిచినట్టే పిలిచింది.

ఆయన కవరు చింపి మంచం మీద పడేసి, కార్డు తీసి చదివాడు. పైనుంచి కిందిదాకా చదివాడు. వెనక్కి తిప్పి అక్కడా చూశాడు. నాకు జాలేసింది కూడా, అబద్ధం ఎందుకు చెప్పను.

"ఇందులో నా పేరేది?" అన్నాడు.

అమ్మ వంగి మంచం మీదున్న కవరు తీసి, చిరిగిన అంచు సరిచేసి ఆయన చేతిలో పెట్టింది.

"లోపల వెతుకుతారేంటండీ? మీ పేరు కవరు మీద రాయించా."

నీ మరదలు,
అక్కమ్మ గారి అమ్మాయి,
బ్లెస్సీ.